సైటు కొనేముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్కలు: విజయనగరం, శ్రీకాకుళం వాళ్ల కోసం

సంక్రాంతికో, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికో ఊరు రాగానే ఎవరో ఒకరు కారేసుకుని వచ్చి భోగాపురం వైపో రణస్థలం వైపో తీసుకెళ్లి సైటు చూపిస్తారు. ఎర్రమట్టి రోడ్లు, రంగులేసిన రాళ్లు, గేటు దగ్గర ఆర్చి, చేతిలో కొబ్బరిబొండం. "ఏటి బావూ, ఇంకా ఆలోచిస్తన్నారు? ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక ఈ రేటుకి దొరుకుతాదేటి" అంటారు. సెలవు రెండ్రోజుల్లో అయిపోతుంది కాబట్టి టోకెన్ అడ్వాన్స్ అక్కడే ఫోన్‌పేలో వెళ్లిపోతుంది. ఆ టోకెన్ కొట్టేముందు ఏ లెక్కలు వేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. భూమి మీద పెట్టుబడి మంచిదా, షేర్లు మంచివా అన్న వాదన జోలికి పోను, మన దగ్గర ఎవరేం చెప్పినా కొనేవాళ్లు కొంటూనే ఉంటారు. కాకపోతే ఎంతకు కొంటున్నాం, ఏ డబ్బుతో కొంటున్నాం, ఎన్నాళ్లు ఆగగలం అన్నవి తేలకుండా కొనకండి.

ముందు జేబు సంగతి

సైటు అనేది నెలనెలా ఏమీ ఇవ్వదు. అమ్మేదాకా అది మీ జీతం మీదే బతుకుతుంది. పైగా బంగారంలా ఓ గాజు అమ్మి అవసరం గడుపుకోవడానికి కుదరదు, 200 గజాల్లో 40 గజాలు అమ్ముతానంటే కొనేవాడు ఉండడు. ఆసుపత్రి ఖర్చు వచ్చిందని అర్జెంటుగా అమ్మకానికి పెడితే, ఆ అర్జెంటు సంగతి బేరగాడికి మీకంటే ముందే తెలిసిపోతుంది, అక్కడి నుంచి రేటు వాడు చెప్పిందే.

అందుకని మూడేళ్లలోపు అవసరమయ్యే డబ్బు, అంటే అమ్మాయి పెళ్లికో అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజుకో దాచింది, దయచేసి సైటులో పెట్టకండి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పక్కన ఉండాలి, ఇంట్లో అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇవి లేకుండా ప్లాటు కొన్నవాళ్లే రెండేళ్లకు తక్కువ రేటుకి వదిలించుకుంటారు, వాళ్ల దగ్గర కొనేవాళ్లు లాభపడతారు.

చిట్టీ పాట పాడి అడ్వాన్స్ కట్టడం కూడా మనవాళ్లకు బాగా అలవాటు. పాటలో ఎంత వదులుకున్నారో అది కూడా సైటు ఖర్చులోకే వస్తుంది. 5 లక్షల చిట్టీని లక్ష తగ్గించి పాడుకుంటే ఆ లక్షని ఎవరూ లెక్కలో రాయరు, "చిట్టీ డబ్బుతో కొన్నాం, అప్పు లేదు" అని మాత్రం గర్వంగా చెప్పుకుంటారు.

గజం 10,000 అంటే నిజానికి ఎంత

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసినవి, మీ అంకెలు మీరు పెట్టుకోండి. 200 గజాలు, గజం 10,000, మొత్తం 20 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి 7.5 శాతం. 20 లక్షల మీద అదే లక్షన్నర. దస్తావేజు రాయించడం, లాయర్ ఒపీనియన్, సర్వే, హద్దురాళ్లు, తుప్పలు కొట్టించడం కలుపుకుంటే 22 లక్షల దగ్గర ఆగుతుంది అనుకుందాం.

ఇందులో 12 లక్షలు మీవి, 10 లక్షలు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది గాని ఏడాదికి 24 శాతం. నెలకు 20,000 వడ్డీ, ఐదేళ్లకు 12 లక్షలు, అసలు 10 లక్షలు అలాగే ఉంటుంది. మీ 12 లక్షలు 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడి ఉంటే ఐదేళ్లలో 16 లక్షల 80 వేలు దాటేది. ఇప్పుడు కూడండి: 16.8, ప్లస్ 10, ప్లస్ 12. దాదాపు 39 లక్షలు. అంటే ఐదేళ్ల తర్వాత గజం 19,500 పలికితే మీరు లాభంలోనూ లేరు, నష్టంలోనూ లేరు. ఊళ్లో మాత్రం "ఆయన సైటు డబుల్ అయింది" అని చెప్పుకుంటారు.

అదే సైటు అప్పు లేకుండా మొత్తం సొంత డబ్బుతో కొన్నా, 22 లక్షలు ఐదేళ్లు డిపాజిట్‌లో ఉంటే దాదాపు 31 లక్షలయ్యేది, కాబట్టి గజం 15,500 దాటాకే లాభం మొదలవుతుంది. అందుకే ఎవరైనా "పదికి కొన్నా, పదిహేనుకి అమ్మా" అంటే ఎన్నేళ్లకి అని అడగండి. ఏడాదిన్నరకైతే భేషైన బేరం, ఆరేళ్లకైతే బ్యాంకులో పెట్టుకున్నవాడు ఏ టెన్షన్ లేకుండా అంతే సంపాదించాడు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. అదే 10 లక్షలు బ్యాంకులో ప్లాటు లోనుగా 10 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 21,247 వస్తుంది. రెండు రూపాయల వడ్డీకి నెలకు కట్టేది 20,000. తేడా 1,247 రూపాయలు. కానీ ఐదేళ్ల తర్వాత బ్యాంకు అప్పు మొత్తం తీరిపోతుంది, అక్కడేమో అసలు 10 లక్షలూ చెక్కుచెదరకుండా ఎదురుచూస్తూ ఉంటుంది. బ్యాంకు వాళ్లు కాగితాలు ఎక్కువ అడుగుతారు, తిప్పుతారు, నిజమే. ఆ కాగితాలు సరిగ్గా లేకపోవడం వల్లే మనకు బయట అప్పు చేయాల్సి వస్తోందంటే, అక్కడే ఆగి ఆలోచించాలి. డబ్బంతా చేతిలో ఉన్నా కొంత లోనుకి అప్లై చేయమని నేనెప్పుడూ చెబుతాను, బ్యాంకు లాయర్ పాత యజమానుల నుంచి వరసగా చేతులు మారిన దస్తావేజులు, అంటే లింకు డాక్యుమెంట్లన్నీ తన కోసం తాను చూస్తాడు, ఆయన వద్దన్న సైటు మీకెందుకు?

ఎకరం రేటు నుంచి గజం రేటు లాగడం

వెంచర్ వాళ్లు చెప్పే గజం రేటు సరైనదా కాదా అన్నది వాళ్ల ఆఫీసులో కూర్చుని తేల్చలేం. వెంచర్ దాటాక వచ్చే ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చోండి. పక్కనున్న పొలం ఎకరం ఎంత చెబుతున్నారో, పోయిన ఏడాది ఎవరైనా నిజంగా ఎంతకు అమ్మారో అడగండి. చెప్పేరేటు వేరు, తెగినరేటు వేరు, మనకు కావాల్సింది తెగినరేటు.

ఎకరం 80 లక్షలు తెగిందనుకుందాం. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 గజాలు, మొత్తం 4,840 గజాలు. అందులో రోడ్లు పోవాలి, పార్కుకి ఖాళీ జాగా వదలాలి. ఎకరంలో 55 శాతం అమ్మకానికి మిగులుతుంది అనుకుంటే 2,662 గజాలు. 80 లక్షలని దాంతో భాగిస్తే గజం సుమారు 3,000. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతుల ఫీజులు, పెట్టుబడి మీద వడ్డీ, వాళ్ల న్యాయమైన లాభం అన్నీ వేసినా ఐదున్నర, ఆరు వేలు. మరి మీకు 11,000 చెబుతున్నారంటే మిగతా ఐదు వేలు ఏంటి? ఏజెంటు కమీషన్, ఆయన మీదున్న ఏజెంటు కమీషన్, ఆ పైవాడిది, గిఫ్టుగా ఇచ్చే వెండి గ్లాసు, హోర్డింగులు. అన్నిటికన్నా ముఖ్యంగా, రాబోయే ఐదేళ్లలో మీకు రావాల్సిన పెరుగుదలని ఇవాళే వాళ్లు మీ దగ్గర వసూలు చేసుకుంటున్నారు.

దీన్ని తిరగేసి కూడా చూడాలి. రేపు మీరు అమ్ముకునేటప్పుడు మీకు పోటీ ఎవరు? ఆ వెంచర్ వాళ్లే. ఫేజ్ 1 అమ్మేసి రోడ్డుకి అవతల ఫేజ్ 2 వేస్తారు. మీ ప్లాటు అమ్మిపెడితే ఏజెంటుకి నూటికి ఒకటో రెండో వస్తుంది, కొత్త ఫేజ్‌లో ప్లాటు అమ్మితే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. మీ ఫోన్ ఎందుకు ఎత్తుతాడు? కాబట్టి కొనేముందు అదే లేఅవుట్‌లో మూడు నాలుగేళ్ల కింద కొన్నవాళ్లని ఒకరిద్దరిని పట్టుకుని, అమ్మడానికి చూశారా, ఎంతకు అడిగారు అని కనుక్కోండి. ఆఫీసులో చెప్పే రేటు పక్కన ఆ జవాబు పెట్టుకుంటే చాలావరకు విషయం తేలిపోతుంది.

ఎయిర్‌పోర్ట్, పోర్టు, హైవే

భోగాపురం అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి మొదటి శంకుస్థాపన 2019 ఫిబ్రవరి 14న జరిగింది. ప్రభుత్వం మారింది, కాగితాలు మళ్లీ కదిలాయి, 2023 మే 3న రెండోసారి శంకుస్థాపన అయింది. మధ్యలో యాభై నెలలు. మొదటి శిలాఫలకం చూసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నవాడికి రెండో శిలాఫలకం నాటికి అసలుకి సమానంగా వడ్డీ అయింది, నూటికి నూరు. ఎయిర్‌పోర్ట్ వస్తుందన్న అంచనా తప్పలేదు, ఎప్పుడు అన్నదే తప్పింది. భూమిలో డబ్బు పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి చోటు సరిగ్గానే దొరుకుతుంది, కాలమే కలిసిరాదు.

శ్రీకాకుళం వైపు మూలపేట పోర్టు కూడా అంతే, భావనపాడు పేరుతో ఏళ్ల తరబడి విన్నాక 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చూశాం. ఇలాంటి ప్రాజెక్టు పేరు విన్నప్పుడల్లా నేను రెండు లెక్కలు వేస్తాను: వాళ్లు చెప్పిన తేదీకి పూర్తయితే నా ఖర్చెంత, అంతకు నాలుగేళ్లు ఆలస్యమైతే ఎంత. రెండో లెక్కలో కూడా తట్టుకోగలిగితేనే ముందుకెళ్లాలి. ప్రాజెక్టు ప్రకటించగానే, పెరగాల్సిన రేటులో చాలావరకు అప్పుడే పెరిగిపోతుంది అన్నది కూడా మర్చిపోకండి, పత్రికలో వార్త చదివి బయల్దేరేవాళ్లలో మనం మొదటివాళ్లం కాము.

విమానాశ్రయం పక్కనే అంటే ఇంకో చిక్కు ఉంది, ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నదానికి హద్దులుంటాయి. అపార్ట్‌మెంట్ కట్టే ఆలోచనతో కొనేవాళ్లు ఎత్తు అనుమతి సంగతి ముందే తెలుసుకోవాలి. ఇక పూసపాటిరేగ, భోగాపురం తీరంలో "బీచ్ వ్యూ" ప్లాట్లు. సముద్రపు పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, నీటికి దగ్గరగా ఉన్న భాగంలో కొత్త కట్టడాలకు అనుమతే ఉండదు. ఇల్లు కట్టుకోలేని సైటుని ఇంకొకరికి అమ్మడం తప్ప ఏం చేయలేం, ఆ ఇంకొకరు కూడా ఇది చదివితే అదీ కష్టం.

కాగితాలు

ఇక్కడ నిదానంగా ఉండాలి, ఎందుకంటే పైన వేసిన లెక్కలన్నీ టైటిల్ సరిగ్గా ఉంటేనే.

మొదట భూమి స్వభావం. జిరాయితీనా (సొంత పట్టా భూమి), డి-పట్టానా, ఇనామా (ఒకప్పుడు దానంగా ఇచ్చింది), దేవాదాయమా (గుడిది). ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు చేతులు మారకుండా 1977 నాటి చట్టం ఉంది, మధ్యలో కొన్ని సడలింపులు వచ్చాయి, వాటిమీద మళ్లీ విచారణలు వచ్చాయి. మామూలు కొనుగోలుదారు ఆ గొడవలో దూరాల్సిన పనే లేదు, తక్కువకి వస్తోందన్న ఆశ తప్ప అందులో ఏమీ లేదు. విజయనగరం చుట్టుపక్కల మాన్సాస్ ట్రస్టు భూములు, సింహాచలం దేవస్థానం భూములు చాలా చోట్ల ఉన్నాయి, సర్వే నంబరులో ఒక ముక్క ట్రస్టుదై ఇంకో ముక్క ప్రైవేటుదై ఉండటం కూడా జరుగుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అంటే 22-ఏ, సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. చూసిన రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్న మళ్లీ చూడండి.

మన రెండు జిల్లాల్లో ఒకప్పుడు ఎక్కువ భాగం జమీందారీ ఎస్టేట్లే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంట్ చేసి రికార్డులు రాశారు. ఆ సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో మీ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో తహశీల్దార్ ఆఫీసు నుంచి తీయించండి. ఇవాళ్టి రెవెన్యూ రికార్డులైన 1-బీలో, అడంగల్‌లో ఫలానా వారి పేరు అందంగా కనిపిస్తుంది, పాత రికార్డులోకి వెళితే "గెడ్డ" (వాగు) అనో "చెరువు గర్భం" అనో "గయాళు" (బీడు) అనో ఉంటుంది. గెడ్డ పోరంబోకుని ఎవరు చదును చేసినా, ఎన్ని చేతులు మారినా అది గెడ్డే.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ముప్పై ఏళ్లకి తగ్గకుండా చూడండి, లింకు డాక్యుమెంట్లు ఒకదానికొకటి అతకాలి. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది, కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతులని కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చేశారు. అలాంటిది కనిపిస్తే వాళ్లు విడగొట్టించుకున్నాకే రమ్మనండి, మనం కొని విడగొట్టించుకుందాం అనుకుంటే చెప్పులరగాల్సిందే.

పిత్రార్జితమైతే ఆడపిల్లల సంగతి అడగండి. మన రాష్ట్రంలో 1986 సవరణతోనే పెళ్లికాని కూతుళ్లకు వాటా వచ్చింది, 2005లో కేంద్ర చట్టం పెళ్లితో సంబంధం లేకుండా అందరికీ ఇచ్చింది. "మా చెల్లాయి ఏమీ అడగదండి, పసుపు కుంకుమలకు ఇచ్చేశాం" అని అన్నగారు చెప్పడం వేరు, ఆ చెల్లాయి వచ్చి దస్తావేజు మీద సంతకం పెట్టడం వేరు. ఆవిడ గుజరాత్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా సంతకం వచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. మాట మంచిదే అయినా, రేటు రెట్టింపయ్యాక అదే మాట మీద ఎవరూ నిలబడరు, వాళ్లని తప్పుపట్టడానికీ లేదు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతామంటే వద్దు. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. పార్వతీపురం దాటి చౌకగా భూములున్నాయని ఎవరైనా తీసుకెళితే 1/70 చట్టం గుర్తుంచుకోండి, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు చేసే బదిలీ చెల్లదు.

లేఅవుట్ విషయానికొస్తే "పంచాయతీ అప్రూవల్" అన్న మాటకు విలువ ఇవ్వకండి. చోటుని బట్టి వీఎంఆర్‌డీఏ, బుడా, సుడాల్లో ఏదో ఒక పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన చోట, లేదా ఎనిమిదికి మించి ప్లాట్లో ఫ్లాట్లో ఉన్నచోట రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ నంబరు ఏపీ రెరా సైట్‌లో వేసి చూస్తే ప్లాన్ కూడా కనిపిస్తుంది. అనుమతి ఇచ్చేటప్పుడు పనులు పూర్తయ్యేదాకా హామీగా కొన్ని ప్లాట్లు ఆ పట్టణాభివృద్ధి సంస్థ పేరున తాకట్టు పెట్టించుకుంటారు, మీకు అంటగడుతున్న నంబరు వాటిలో లేదని చూసుకోండి. "తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కట్టేద్దాం" అన్న ప్లాటు తీసుకుంటే ఆ క్రమబద్ధీకరణ ఫీజు కూడా గజం రేటులో కలిపి లెక్కేయండి, అప్పుడు అది చౌకగా కనిపించదు.

వాన పడ్డప్పుడు చూడండి

సైటుని ఎండాకాలంలో చూపిస్తారు. మీరు అక్టోబరులో ఒకసారి వెళ్లండి. మన వైపు పెద్ద తుఫాన్లు ఆ నెలలోనే వస్తాయి, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. నాగావళి, వంశధార పొంగితే ఏ ఊళ్లో ఎక్కడిదాకా నీళ్లొస్తాయో అక్కడి ముసలివాళ్లు కర్రతో చూపిస్తారు. సోంపేట వైపు బీల, తంపర నేలలు ఎండాకాలం చూస్తే చక్కటి మైదానం, వానాకాలం నీళ్లు. పల్లంలో ఉన్న ప్లాటుకి మట్టి తోలించాలి. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు, మూడడుగులు లేపాలంటే 5,400 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టర్ లోడు రేటు కనుక్కుని గుణించండి, అది కూడా కొన్న ధరే.

అద్దె వచ్చేది కొంటే

నాకైతే ఖాళీ సైటు కంటే అద్దె వచ్చేదే ఇష్టం, కనీసం ఆగడానికి అయ్యే ఖర్చులో కొంత అదే భరిస్తుంది. పైడిభీమవరం, రణస్థలం దగ్గర ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలు, విజయనగరంలో కాలేజీలు, ఆసుపత్రుల చుట్టూ ఉండేవాళ్లు ఎప్పుడూ ఇల్లు వెతుకుతూనే ఉంటారు.

లెక్క మాత్రం నికరం మీద వేయాలి. టౌన్‌లో 45 లక్షల ఫ్లాటుకి 11,000 అద్దె అనుకోండి. ఏడాదికి 1,32,000. ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, చిన్నాచితకా రిపేర్లు తీసేస్తే 1,15,000 మిగిలింది. రెండున్నర శాతం. అదే పారిశ్రామికవాడ దగ్గర 25 లక్షల్లో రెండు పోర్షన్ల ఇల్లు, ఒక్కోదానికి 6,000 వస్తే ఖర్చులు పోను ఏడాదికి 1,20,000 దాకా నిలుస్తుంది, దాదాపు ఐదు శాతం. చూడ్డానికి ఫ్లాటే గొప్పగా ఉంటుంది, బంధువులకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. రెండోదానికి చిక్కు వేరే: ఆ కంపెనీలో షిఫ్టులు తగ్గితే వీధి మొత్తం ఒకేసారి టూలెట్ బోర్డులే. అందుకే ఒక్క కంపెనీని నమ్ముకున్న ఊరి కంటే నాలుగు రకాల జనం వచ్చే చోటు చూసుకోవాలి.

డబ్బు చేతులు మారేటప్పుడు

అగ్రిమెంట్‌లో గడువు, మిగతా సొమ్ము ఎప్పుడు, ఎవరు తప్పితే ఏమవుతుంది, సర్వేలో విస్తీర్ణం తగ్గితే రేటు ఎలా తగ్గిస్తారు, అన్నీ రాయించండి. రెరా కిందకొచ్చే ప్రాజెక్టయితే రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, ఆ మాట ఆఫీసులో నవ్వుతూనే గుర్తుచేయండి.

"వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. స్థిరాస్తి లావాదేవీలో 20,000, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ పడొచ్చు. అది అమ్మేవాడి బాధ అనుకుంటారు చాలామంది. మీ బాధ ఏంటంటే 20 లక్షల సైటుకి దస్తావేజులో 12 లక్షలే రాసుంటే, రేపు కోర్టులో తేడా వచ్చినా మీరు కాగితం మీద చూపించగలిగేది 12 లక్షలే, బ్యాంకు లోనూ దాని మీదే, ఆరేళ్లకు మీరు పూర్తి వైట్‌లో అమ్మితే ఆ మిగతా 8 లక్షలు కూడా మీ లాభం కింద పన్నులో పడతాయి. ఇవాళ రిజిస్ట్రేషన్‌లో మిగిలేది ఏడున్నర శాతం లెక్కన 60,000, అప్పుడు కట్టేది పన్నెండున్నర శాతం లెక్కన లక్ష.

50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తి కొంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ఒక శాతం పన్నుగా (టీడీఎస్) మినహాయించి కట్టాల్సింది కొనేవాళ్లే. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఆ నియమం వేరు, మినహాయించాల్సింది బాగా ఎక్కువ, 50 లక్షల హద్దు కూడా ఉండదు. మన జిల్లాల నుంచి బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి పట్టాదారు ఎక్కడుంటున్నారో అడగకుండా డబ్బు పంపకండి, ఆడిటర్‌కి ఒక వెయ్యి రెండు వేలు ఇచ్చి అడగడం నయం.

కొన్నాక, అమ్మేటప్పుడు

రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్, అంటే రికార్డుల్లో మీ పేరుకి మార్పు, అయిందో లేదో చూసుకోండి. మున్సిపాలిటీ పరిధిలో ఉంటే ఖాళీ స్థలం పన్ను మీ పేరున కట్టి రసీదులు దాచండి. హైదరాబాద్‌లోనో బయటో ఉండేవాళ్లయితే ఏడాదికి రెండుసార్లన్నా ఎవరినైనా పంపి హద్దురాళ్లు ఉన్నాయా, పక్కవాళ్ల పశువుల పాక మన వైపు జరిగిందా చూడమనండి, ఫోటోలు తేదీతో తెప్పించుకోండి. నాలుగు వైపులా కంచె, చిన్న బోర్డు, ఖర్చు పెద్దగా ఉండదు. కొని పదేళ్లు తొంగిచూడని సైటే కబ్జాదారుకి కావాల్సింది.

అమ్మే రోజు గురించి కొన్న రోజే రాసిపెట్టుకోండి: ఫలానా నెల వచ్చేసరికి, ఫలానా రేటు వస్తే అమ్ముతాను, రాకపోతే ఎన్నాళ్లు ఆగుతాను. 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం, పన్ను 12.5 శాతం, పైన సెస్. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలమైతే ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టే వీలు మనబోటి వ్యక్తులకు ఉంది, రెండూ వేయించండి. 24 నెలల్లోపు అమ్మితే మాత్రం ఆ లాభం మీ జీతంలో కలిసి శ్లాబు ప్రకారం పడుతుంది, కాబట్టి ఇరవై రెండో నెలలో మంచి బేరం వస్తే అగ్రిమెంట్‌లో గడువు ఎలా రాసుకోవాలో సంతకానికి ముందే ఆడిటర్‌ని అడగాలి. అదే ఆడిటర్ దగ్గర రిజిస్ట్రేషన్ రసీదు, లాయర్ ఫీజు, బ్రోకర్ కమీషన్ బ్యాంకు ద్వారా కట్టిన రుజువులు, కంచె, మట్టి బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. వాటిలో ఏవేవి ఖర్చు కింద చూపించొచ్చో ఆయన చెబుతారు, బిల్లు లేని ఖర్చుకి మాత్రం ఆయన కూడా ఏమీ చేయలేరు.